కమ్మరి కొడుకు, కరెంటు తీగచుట్ట



"కృషితో నాస్తి దుర్భిక్షం" అని మీ బడి గోడ మీద రాసి ఉండవచ్చు. వ్యాసరచన పోటీల్లో మీరూ ఈ మాట రాసే ఉంటారు. రాసేటప్పుడు మీలో కొందరికి ఒక సందేహం కూడా కలిగి ఉండాలి. "మా నాన్న తెల్లవారుజామున నాలుగింటికే లేస్తాడు. అమ్మ పొద్దుగూకేదాకా కూలిపనిలో ఉంటుంది. వాళ్ళకంటె ఎక్కువ కృషి చేసేవాళ్ళు ఎవరు? మరి మా ఇంట్లో దుర్భిక్షం ఎందుకు పోలేదు?" అడిగితే మాస్టారు కోప్పడతారేమోనని ఊరుకొని ఉంటారు. ఇది కోప్పడవలసిన ప్రశ్న కాదు, మంచి ప్రశ్న. సైన్సులో మనకొక ప్రశ్న ఎదురైతే ఏం చేస్తాం? ఒక ఉదాహరణ తీసుకొని, దాన్ని విడదీసి, ఏ కారణం వల్ల ఏ ఫలితం వచ్చిందో ఒక్కొక్కటిగా చూస్తాం. ఈ నెల ఆ పనే చేద్దాం.

మనం తీసుకొనే ఉదాహరణ మైకేల్ ఫారడే. ఈ రోజు మీ ఇంట్లో బల్బు వెలిగినా, పొలంలో మోటారు తిరిగినా ఆయన పేరు తలుచుకోవలసిందే. నాగార్జునసాగర్ దగ్గర నీటితో తిరిగే జనరేటర్లు, రామగుండంలో ఆవిరితో తిరిగేవి, అన్నీ ఆయన 1831లో కనిపెట్టిన సూత్రం మీదనే పనిచేస్తున్నాయి. పేద ఇంట పుట్టి పైకి వచ్చినవారిని గురించి చెప్పేటప్పుడు అందరూ మొదట చెప్పే పేర్లలో ఆయనది ఒకటి. అందుకే ఆయన కథనే విడదీసి చూడాలి.

ఫారడే 1791 సెప్టెంబరు 22న లండన్ నగరం అంచున న్యూయింగ్టన్ బట్స్ అనే చోట పుట్టాడు. తండ్రి జేమ్స్ ఫారడే కమ్మరి. బ్రతుకు తెరువు కోసం ఇంగ్లండు ఉత్తరప్రాంతం నుంచి లండన్ వలస వచ్చాడు. నలుగురు పిల్లలలో మైకేల్ మూడోవాడు. తండ్రి ఆరోగ్యం మంచిది కాదు. కొలిమి దగ్గర సమ్మెట ఎత్తేవాడికి జబ్బు చేస్తే ఆ రోజు కూలి లేనట్టే. 1801లో ధాన్యం ధరలు మండిపోయినప్పుడు తొమ్మిదేళ్ళ మైకేల్ చేతికి వారానికి ఒక రొట్టె ఇచ్చేవారనీ, ఆ ఒక్క రొట్టెనే అతడు వారమంతా సరిపెట్టుకోవలసి వచ్చేదనీ చెబుతారు. చదువంటారా, చదవడం, రాయడం, కాసిని లెక్కలు. అంతే.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. జేమ్స్ ఫారడే సోమరి కాదు. ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్ళూ కొలిమి వదల్లేదు. 1810లో కన్నుమూసేనాటికి కూడా ఆ ఇంటి పేదరికం పోలేదు. ఒకే ఇంట్లో తండ్రి, కొడుకు ఇద్దరూ కష్టపడినవాళ్ళే. కొడుకు ప్రపంచానికి తెలిశాడు, తండ్రి తెలియలేదు. కాబట్టి తేడా ఒక్క కష్టంలోనే ఉందనడానికి వీల్లేదు. మరెక్కడుంది?

మైకేల్ పదమూడో ఏట, అంటే 1804లో, రీబో అనే ఆయన పుస్తకాల దుకాణంలో పనికి కుదిరాడు. ఆ రోజుల్లో వార్తాపత్రిక కొనడం అందరివల్లా అయ్యేది కాదు. దుకాణదారులు పత్రికలను గంటల లెక్కన అద్దెకిచ్చేవారు. ఒక ఇంట్లో పత్రిక ఇచ్చి, వాళ్ళు చదివాక తెచ్చి, మరొక ఇంట్లో ఇవ్వడం మైకేల్ పని. మరుసటి ఏడు రీబో అతణ్ణి పుస్తకాలు కుట్టి అట్టలు వేసే పని నేర్చుకొనేందుకు చేర్చుకున్నాడు. ఒప్పందం ఏడేళ్ళు. మామూలుగా పని నేర్పినందుకు పిల్లవాడి తల్లిదండ్రులే యజమానికి కొంత సొమ్ము చెల్లించాలి. కుర్రవాడు ఏడాదిపాటు నమ్మకంగా పనిచేశాడని రీబో ఆ సొమ్ము వద్దన్నాడు. ఇది మొదటి తలుపు. దాన్ని తెరవడంలో మైకేల్ నమ్మకమూ ఉంది, రీబో మంచితనమూ ఉంది.

అట్టలు వేయడానికి వచ్చిన పుస్తకాలను అతడు చదివేవాడు. ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికాలో విద్యుత్తు మీద ఉన్న వ్యాసం చదివాడు. జేన్ మార్సెట్ అనే ఆమె 1806లో రాసిన రసాయనశాస్త్ర సంభాషణల పుస్తకం చదివాడు. (ఈమె కథ కూడా తమాషాగానే ఉంటుంది. పెద్ద శాస్త్రజ్ఞుల ఉపన్యాసాలు మొదట తనకు సరిగా అర్థం కాకపోతే, అర్థం చేసుకొని తనలాంటి వాళ్ళ కోసం ప్రశ్నలు, జవాబుల రూపంలో పుస్తకం రాసింది. మొదట ఆ పుస్తకం మీద ఆమె పేరైనా లేదు.) చదివింది నిజమో కాదో చూడాలని మైకేల్ వారానికి కొన్ని పెన్నీలు మిగిల్చి, సీసాలు, చెక్కలు పోగుచేసి చిన్న విద్యుత్ యంత్రం చేసుకున్నాడు. ఇదంతా పగటి పని ముగిశాక చేసిన శ్రమ. ఎవరూ చెప్పి చేయించింది కాదు. దీన్ని పూర్తిగా అతడి ఖాతాలోనే వేయండి.

కాని అదే పిల్లవాడు పుస్తకాల దుకాణంలో కాక నూలు మిల్లులో చేరి ఉంటే? అప్పట్లో ఇంగ్లండులో ఏడెనిమిదేళ్ళ పిల్లలు కూడా రోజుకు పన్నెండు గంటలకు పైగా మిల్లుల్లో పనిచేసేవారు. వాళ్ళ చేతికి దూది తగిలేది, కాగితం తగిలేది కాదు. తొమ్మిదేళ్ళ లోపు పిల్లలను బట్టల మిల్లుల్లో పెట్టుకోరాదని చట్టం వచ్చింది 1833లో. అప్పటికి ఫారడే పేరుపడిన శాస్త్రజ్ఞుడు. ఆ మిల్లుల్లో మరో ఫారడే ఉన్నాడో లేడో మనం చెప్పలేం. చెప్పలేకపోవడమే అసలు నష్టం.

1810లో టేటమ్ అనే ఆయన లండన్‌లో రాత్రి ఎనిమిది గంటలకు సైన్సు ఉపన్యాసాలు ఇచ్చేవాడు. ఒక్కొక్క ఉపన్యాసానికి ఒక షిల్లింగు. కమ్మరి ఇంట్లో షిల్లింగు చిన్న సొమ్ము కాదు. ఆ డబ్బు పెట్టింది అన్న రాబర్ట్. అతడూ తండ్రిలాగే కమ్మరి. అన్న సమ్మెట ఎత్తితే తమ్ముడు పాఠం విన్నాడన్నమాట. మీ ఇళ్ళల్లో కూడా ఇటువంటి అన్నలూ అక్కలూ ఉండే ఉంటారు. తమ్ముడి ఫీజు కోసం చదువు మానేసి పత్తి తీతకు వెళ్ళిన అక్క పేరు ఏ పుస్తకంలోకీ ఎక్కదు.

ఆ తరువాతి మలుపు 1812లో. దుకాణానికి వచ్చే విలియం డాన్స్ అనే సంగీతజ్ఞుడు రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో సభ్యుడు. అక్కడ హంఫ్రీ డేవీ ఉపన్యాసాలకు లండన్ పెద్దింటి వాళ్ళు గుర్రపుబళ్ళలో విరగబడి వచ్చేవారు. ఆ బళ్ళ రద్దీ తట్టుకోలేక ఆ వీధిలో ఒకే వైపు పోవాలని నియమం పెట్టారట. డాన్స్ ఈ కుర్రవాడి చేతిలో నాలుగు టికెట్లు పెట్టాడు. మైకేల్ గడియారం పైనున్న గ్యాలరీలో కూర్చొని ప్రతి మాటా రాసుకున్నాడు. ఇంటికి వెళ్ళి వివరంగా తిరగరాసి, బొమ్మలు వేసి, తనకు వచ్చిన పనితోనే చక్కగా అట్ట వేశాడు. సుమారు మూడు వందల పేజీల పుస్తకమైంది. అంతకు ముందే సైన్సులో ఏదైనా చిన్న పని ఇప్పించమని రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌కు ఉత్తరం రాశాడు. జవాబు ఏమీ లేదన్న మాటే జవాబు. డిసెంబరులో డేవీకి ఉత్తరం రాసి, తన పుస్తకం పంపాడు. డేవీ పిలిచి మాట్లాడాడు. డేవీ తండ్రి కూడా కొయ్య మీద చెక్కుడుపని చేసినవాడే. "అట్టలు వేసే పని మానకు" అన్నది ఆయన మొదటి సలహా!

ఇక్కడ రెండు యాదృచ్ఛిక సంఘటనలు జరిగాయి. ఒకటి, ఆ శరదృతువులో ఒక రసాయనం పేలి డేవీ కళ్ళకు దెబ్బ తగిలింది. చూసి రాసుకోలేని ఆ రోజుల్లో కొన్నాళ్ళు రాతపనికి ఫారడే పనికివచ్చాడు. రెండోది, 1813 ఫిబ్రవరిలో ప్రయోగశాల సహాయకుడు ఒకరితో కొట్లాడి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఆ ఖాళీలోకి, మార్చి 1న, ఇరవైయొక్కేళ్ళ ఫారడే వచ్చాడు. కొట్లాట జరగకపోతే? ఈ ప్రశ్నకు జవాబు ప్రయోగం చేసి తెలుసుకొనేది కాదు. ఒకటి మాత్రం అనుకోవచ్చు. ఖాళీ ఏర్పడినప్పుడు డేవీకి గుర్తు రావడానికి కారణం ఆ మూడు వందల పేజీలే. తలుపు తీసినవాళ్ళు వేరు, తీసిన వేళకు గుమ్మంలో నిలబడి ఉన్నవాడు వేరు. రెండూ కావాలి.

గుమ్మం దాటాక పేదరికం వదిలిందా? లేదు. అదే ఏడు అక్టోబరులో డేవీ దంపతులు యూరప్ యాత్రకు బయలుదేరారు. డేవీ నౌకరు చివరి నిమిషంలో రానన్నాడు. శాస్త్ర సహాయకుడిగా వెళ్ళిన ఫారడే నౌకరు పని కూడా చేయవలసి వచ్చింది. డేవీ భార్య అతణ్ణి సేవకుడిగానే చూసింది. అన్నీ వదిలేసి ఇంటికి పోదామా అనిపించిందని మిత్రుడికి ఉత్తరాల్లో రాసుకున్నాడు. పోలేదు. ఆ యాత్రలోనే ఓల్టా, ఆంపియర్ వంటి వారిని చూశాడు.

ఇక అసలు శ్రమ సంగతి చెప్పుకొందాం. శ్రమ అంటే ఎక్కువ గంటలు పనిచేయడం అనుకుంటాం. ఫారడే ప్రయోగం చూస్తే అది ఎటువంటి శ్రమో తెలుస్తుంది. తీగలో కరెంటు పారితే పక్కనున్న అయస్కాంత సూచి కదులుతుందని 1820లో అయిర్‌స్టెడ్ చూపాడు. విద్యుత్తు నుంచి అయస్కాంతత్వం వస్తే, అయస్కాంతత్వం నుంచి విద్యుత్తు ఎందుకు రాకూడదు? ఈ ఆలోచన యూరప్‌లో చాలామందికి వచ్చింది. ఫారడే 1820ల్లో మళ్ళీమళ్ళీ ప్రయత్నించి విఫలమయ్యాడు. చివరికి 1831 ఆగస్టు 29న ఒక మెత్తని ఇనుప కడియం తీసుకున్నాడు. వెడల్పు ఆరు అంగుళాలు. దానికి ఒక సగం మీద ఒక రాగితీగ చుట్ట, రెండో సగం మీద మరొకటి. ఇప్పటిలాగ పూత వేసిన తీగ అంగట్లో దొరకదు. తీగ చుట్లు ఒకదానికొకటి తగలకుండా మధ్య దారం చుట్టి, పొరకూ పొరకూ నడుమ గుడ్డ పరిచాడు. అట్టలు కుట్టిన చేతికి ఇది తెలిసిన పనే. ఒక చుట్టను బ్యాటరీకి, రెండోదాన్ని అయస్కాంత సూచి దగ్గరికి కలిపాడు.

బ్యాటరీ కలపగానే సూచి ఒక్కసారి ఊగి, మళ్ళీ తన చోటికి వచ్చింది. బ్యాటరీ తీసేయగానే మళ్ళీ ఊగింది, ఈసారి ఎదురు దిక్కుకు. నడుమ ఎంతసేపు కరెంటు పారినా కదలిక లేదు. ఇంతకాలమూ అందరూ వెతికింది ఆగకుండా వచ్చే కరెంటు కోసం. అది మార్పు జరిగే క్షణంలో మాత్రమే పుడుతుందని ఫారడే పట్టుకున్నాడు. అక్టోబరు 17న తీగచుట్టలోకి అయస్కాంతపు కడ్డీని దూర్చి, లాగి చూశాడు. కడ్డీ కదిలినప్పుడే సూచి కదిలింది. అదే నెల 28న పెద్ద అయస్కాంతం ధ్రువాల నడుమ రాగి పళ్ళాన్ని తిప్పి, ఆగని కరెంటు తీశాడు. మన జనరేటర్ల మూలపురుషుడు ఆ రాగి పళ్ళెమే.

జెనీవాలో కొలాడన్ అనే శాస్త్రజ్ఞుడు 1825లోనే ఇటువంటి ప్రయోగం చేశాడు. పెద్ద అయస్కాంతం సూచిని తికమకపెట్టకూడదని సూచిని వేరే గదిలో ఉంచాడు. తీగచుట్టలోకి అయస్కాంతం దూర్చి, పక్క గదిలోకి నడిచి వెళ్ళి చూసేసరికి సూచి ఊగి, ఆగిపోయి ఉంది! శ్రమలో లోపం లేదు, జాగ్రత్తలోనూ లోపం లేదు. అయినా ఫలితం చేతికి రాలేదు. ఇది పేదరికం మీది మాట కాదనుకోండి. కష్టపడితే ఫలితం తప్పదనే మాటను సైన్సు కూడా అంత తేలికగా ఒప్పుకోదని చెప్పడానికి రాశాను.

ఫారడే దగ్గర 1827 ప్రాంతంలో సార్జెంట్ ఆండర్సన్ అనే పాత సైనికుడు సహాయకుడిగా చేరాడు. ఒకనాడు కొలిమి మండిస్తూ ఉండమని చెప్పిన ఫారడే, ఇంటికి వెళ్ళమని చెప్పడం మరచిపోయాడట. మరునాడు ఉదయం వచ్చి చూస్తే ఆండర్సన్ ఇంకా కొలిమి మండిస్తూనే ఉన్నాడని చెబుతారు. సుమారు నలభై ఏళ్ళు అలా పనిచేశాడు. కష్టానికి ప్రతిఫలం కొలిచి ఇచ్చే త్రాసు ఉంటే ఆండర్సన్ ఎక్కడ ఉండాలి?

పేదరికం ఫారడే దగ్గర నుంచి ఒకదాన్ని తీసుకుపోయి మళ్ళీ ఇవ్వలేదు. అది గణితం. చిన్ననాట బడిలో నేర్వని గణితాన్ని ఆయన జీవితాంతం నేర్వలేదు. ప్రయోగాల నోటుబుక్కులో 16,041 వరకు అంకెలు వేసి పేరాలు రాసుకున్నాడు. వాటిలో బీజగణిత సమీకరణాల కోసం వెతికితే మీకు నిరాశే. గణితం లేకపోతేనేం, అయస్కాంతం చుట్టూ ఇనుపరజను తీరే గీతలను చూసి "బలరేఖలు" అనే భావన తెచ్చాడు. మీరు కాగితం మీద రజను చల్లి చూసేవి అవే. వాటిని సమీకరణాల్లోకి తెచ్చినవాడు జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్. ఆయన స్కాట్లండులో భూములున్న ఇంట పుట్టి, ఎడింబరోలో, కేంబ్రిడ్జిలో చదివాడు. గణితజ్ఞులు తమ ఫలితాలను మామూలు మాటల్లో కూడా చెప్పలేరా అని 1857లో ఫారడే, మాక్స్‌వెల్‌కు ఉత్తరం రాశాడు. అప్పటికి ఫారడే వయసు 65 దాటింది. ఆ ఉత్తరం సంగతి తలచుకొన్నప్పుడల్లా నాకు మాత్రం బాధ కలుగుతుంది.

మన దగ్గరి ఉదాహరణ కావాలంటే యల్లాప్రగడ సుబ్బారావుగారు ఉన్నారు. 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పారు. తల్లి నగలు అమ్మి చదివించింది. మూడోసారి మద్రాసులో గట్టెక్కారు. 1922లో అమెరికా వెళ్ళడానికి మామగారి సాయం, కాకినాడలోని ఒక ధర్మసంస్థ హామీ తోడయ్యాయి. అక్కడ పగలు చదువు, రాత్రి ఆసుపత్రిలో పాకీపని వంటి చాకిరీ. శరీరంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ఫిస్కేతో కలిసి ప్రకటించారు. స్ప్రూ అనే జబ్బు ఆయన సోదరుణ్ణి పొట్టన పెట్టుకుంది. ఆ జబ్బుకు మందుగా పనికివచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో తయారుచేసిన బృందానికి ఆయనే నాయకుడు. సుబ్బారావుగారి పట్టుదల మాటకేం గాని, తల్లికి అమ్మడానికి నగలు ఉన్నాయి. మెడలో పసుపుతాడు తప్ప ఏమీ లేని తల్లి పిల్లవాడు రెండుసార్లు తప్పితే మూడోసారి ఫీజు ఎక్కడినుంచి వస్తుంది?

కనుక నా అభిప్రాయం ఇది. శ్రమ లేకుండా ఏ ఫారడే లేడు. శ్రమ ఒక్కటే ఉంటే ఎక్కువమంది జేమ్స్ ఫారడేలాగ, ఆండర్సన్‌లాగ మిగిలిపోతారు. తప్పు వాళ్ళది కాదు. ఇంగ్లండు 1880లో బడి చదువును నిర్బంధం చేసింది. మన దేశంలో ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకు ఉచిత నిర్బంధ విద్య హక్కు 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. బడిలో మధ్యాహ్న భోజనం, హాస్టలు, గ్రంథాలయం, ఇవన్నీ తలుపులే. వాటిని దయ అనుకొని సిగ్గుపడే పిల్లలను చూస్తుంటాను. పెద్దవాళ్ళు విశ్రాంతిగా ఉన్నప్పుడు శరీరం వాడే శక్తిలో సుమారు ఐదోవంతు ఒక్క మెదడే తీసుకుంటుంది. ఐదారేళ్ళ పిల్లల్లో ఇది సగానికి పైమాటే. ఆకలితో కూర్చున్నవాడికి లెక్క రాకపోతే మొద్దు అనడం, నూనె పోయకుండా దీపాన్ని తిట్టడం వంటిది.

మాటలతో నమ్మవద్దు. మీరే చేసి చూడండి.

కావలసినవి: ఒకే కండె నుంచి ఒలిచిన మొక్కజొన్న గింజలు, అడుగున చిల్లులున్న పన్నెండు డబ్బాలు, కాలువ ఇసుక, పశువుల ఎరువు కలిపిన మట్టి, స్కేలు. ఇసుకను నాలుగైదుసార్లు నీళ్ళతో కడగండి. ఆరు డబ్బాల్లో ఇసుక, ఆరింట్లో మట్టి నింపండి. గింజలను ఏరవద్దు, కళ్ళు మూసుకొని తీసి డబ్బాకు ఒకటి చొప్పున నాటండి. అన్నిటికీ ఒకే ఎండ, ఒకే గ్లాసుతో నీళ్ళు. మూడు రోజులకొకసారి ఎత్తు కొలవండి.

మొదటి వారం, పది రోజులు రెండు వరసల్లోనూ పెద్ద తేడా కనబడదు. గింజలోని అంకురచ్ఛదంలో ఉన్న పిండిపదార్థం మొలకను పోషిస్తుంది. అది తల్లిమొక్క కట్టి ఇచ్చిన సద్దిమూట. మూట ఖాళీ అయ్యాక ఇసుకలోని మొక్కల అడుగు ఆకులు కొన నుంచి పసుపు రంగుకు తిరగడం చూస్తారు. నత్రజని చాలనప్పుడు మొక్క పాత ఆకుల నుంచి దాన్ని లాగి కొత్త ఆకులకు పంపుతుంది. ముసలి ఆకులు ఎండి పసి ఆకును బ్రతికిస్తాయి.

ఇరవై ఒకటో రోజున ఇసుక డబ్బాల్లో మూడింటికి మాత్రం ఎరువు నీళ్ళు పోయడం మొదలుపెట్టండి. తక్కిన మూడింటికి వట్టి నీళ్ళే. నలభై అయిదో రోజున అన్నిటినీ కొలవండి. ఆలస్యంగా తిండి దొరికినవి ఎంతవరకు తేరుకున్నాయి? మొదటి నుంచి మట్టిలో ఉన్నవాటిని అందుకున్నాయా?

మరొక్క సంగతి. వట్టి ఇసుకలోని మూడింటిలో కూడా ఒకటి మిగతా రెండింటికంటె పొడవుగా ఉంటుంది. మీ స్నేహితుడెవరైనా దాన్ని చూపించి, "ఇదిగో, ఇసుకలో అయినా పెరగవచ్చు, మిగతావి బద్ధకించాయి" అనవచ్చు. అప్పుడు మట్టి డబ్బాల్లో అన్నిటికంటె పొట్టిగా ఉన్న మొక్కను తెచ్చి దాని పక్కన పెట్టండి. రెండింటి ఎత్తూ కొలిచి, నోటుబుక్కులో పక్కపక్కన రాయండి.